నాలుగో కౌంటర్

మా షాపులో మెషీన్లు దిగిన వానాకాలమే అమ్మ చెయ్యి విరిగింది. దానికీ దీనికీ సంబంధం లేదు. అయినా మా ఇంట్లో ఇప్పటికీ ఆ రెండింటినీ కలిపే చెప్పుకుంటాం.

మా షాపు అంటే మాదేం కాదు, అమ్మా నేనూ పనిచేసే సూపర్‌మార్కెట్. అమ్మ ముందు వైపు బిల్లింగ్ కౌంటర్లో కూర్చునేది. నేను వెనక గోడౌన్లో. అట్టపెట్టెలు విప్పడం, ధర చీటీలు అంటించడం, ఖాళీ అయిన అరలు నింపడం నా పని. ఏరి కోరి తీసుకున్న పని అది. అట్టపెట్టెలు మనల్ని ఏమీ అడగవు. నాకు నత్తి.

మాట గొంతు దాకా వచ్చి అక్కడ చతికిలబడుతుంది. ఎదుటివాళ్ళు చూస్తున్నారంటే ఇంకా బిగుసుకుంటుంది. 'స', 'క', 'ప' అనే అక్షరాలతో నాకు అస్సలు పొసగదు. చిన్నప్పటి నుంచీ ఆ మూడూ తగలకుండా మాట్లాడటం నేర్చుకున్నాను. సబ్బు అనాల్సి వస్తే 'ఒళ్ళు రుద్దుకునేది' అనేదాన్ని. ఇక అమ్మ సంగతి చెప్పాలంటే, ఆవిడ నోట్లో మాట నిలవదు. తన మాటలతో పాటు నా మాటలు కూడా తనే మాట్లాడేసేది. ఎవరైనా నన్ను "ఏం చేస్తున్నావమ్మా?" అని అడిగితే, నేను నోరు తెరిచేలోపు అమ్మ జవాబు చెప్పడం, వాళ్ళు తల ఊపడం, ఇద్దరూ ఇంకో విషయంలోకి వెళ్ళిపోవడం కూడా అయిపోయేది.

మొదట్లో షాపులో ఎనిమిది కౌంటర్లు ఉండేవి. వానలు మొదలైన వారంలో ఏడు పీకేసి, ఆ జాగాలో మనంతట మనమే బిల్లు వేసుకునే మెషీన్లు వరసగా నిలబెట్టారు. మిగిలింది అమ్మ కూర్చునే నాలుగోది ఒక్కటే. కొందరిని వేరే బ్రాంచికి పంపారు, కొందరు మానేశారు. మెషీన్లలోంచి ఒక ఆడగొంతు వినిపించేది. "దయచేసి వస్తువును సంచిలో ఉంచండి." ఎక్కడా తడబడదు. ఎన్నిసార్లయినా అదే తీరు.

నాకు ఆ మెషీన్లు భలే నచ్చాయి. డ్యూటీ అయ్యాక ఇంటికి కావలసినవి తీసుకుని నేరుగా అక్కడికే వెళ్ళేదాన్ని. ఎవరూ ఏమీ అడగరు, నా బదులు ఎవరూ జవాబు చెప్పరు.

"నేను ఆ చివర ఈగలు తోలుకుంటూ కూర్చుంటే, కన్నకూతురు వెళ్ళి ఆ డబ్బా ముందు నిలబడుతుందండీ," అంది అమ్మ ఒకరోజు నాన్నతో.

నాన్న ఇళ్ళకి రంగులు వేస్తాడు. అప్పుడే వచ్చి గోళ్ళలో ఇరుక్కున్న రంగు గీరుకుంటున్నాడు. "పోనీవే. దానికి అక్కడ ప్రాణం హాయిగా ఉందేమో."

"దాని ప్రాణం హాయిగానే ఉంటుంది. నా ఉద్యోగమే పోతుంది."

అమ్మ ఊరికే అన్న మాట కాదది. మేనేజర్ అందరినీ పిలిచి చెప్పాడు: "ఈ వానల సీజన్ అయ్యేదాకా చూస్తారట. జనం మెషీన్లకి అలవాటు పడిపోతే ఈ ఒక్క కౌంటర్ కూడా ఎందుకని పైవాళ్ళు అడుగుతున్నారు." అతను చెడ్డవాడేం కాదు. చెప్పేటప్పుడు అమ్మ ముఖం చూడలేక తన బూట్ల వంక చూసుకున్నాడు.

అలాంటి రోజుల్లో, బస్సు దిగుతూ తడిమెట్టు మీద జారి అమ్మ కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆస్పత్రిలో పిండికట్టు వేస్తుంటే చెయ్యి గురించి ఒక్క మాట అడగలేదు. "డాక్టర్ గారూ, ఎడం చేత్తో బిల్లు వేయొచ్చా?" అని అడిగింది. ఆయన నవ్వేసి, వానలు తగ్గేదాకా ఆ చేత్తో గ్లాసు కూడా ఎత్తొద్దన్నాడు.

ఇంటికొచ్చాక అమ్మ మంచం మీద కూర్చుని పైకప్పు చూస్తూ ఉండిపోయింది. "అన్నాళ్ళు కౌంటర్ మూసేస్తే ఇక తెరవరు," అంది. "జనానికి గుర్తుండదు. గుర్తున్నా అడగరు."

"నేను కూర్చుంటాను," అన్నాను.

ఇంత మాట సాఫీగా ఎలా వచ్చిందో నాకే తెలియదు. అమ్మా నాన్నా ఇద్దరూ నన్ను చూశారు. తర్వాత ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు.

"ఎక్కడ?" అన్నాడు నాన్న.

"నా... నాలుగో... క..." ఈసారి రాలేదు.

"కౌంటర్లో," అంది అమ్మ.

మేనేజర్ ఒప్పుకోవడానికి పెద్దగా ఇబ్బంది పడలేదు. బయటి మనిషిని తెచ్చి నేర్పే కంటే లోపలి మనిషే నయం అనుకున్నాడు. స్కానర్ వాడకం నాకు వచ్చు. రానిది మాట ఒక్కటే. ఆ రాత్రి భోజనాల బల్లే మాకు కౌంటర్ అయింది. నాన్న కొనేవాడు, నేను అమ్మేదాన్ని, అమ్మ మెడలో చెయ్యి వేలాడేసుకుని పక్కన నిలబడి పాఠం చెప్పేది.

"మూడే ప్రశ్నలు. సంచి కావాలా, ఇంకేమైనా ఉన్నాయా, కార్డా క్యాషా. సంచి అనలేకపోతే బ్యాగు అను. కార్డు అనలేకపోతే కార్డు గీకే మెషీన్ చూపించు, వాళ్ళే తెలుసుకుంటారు. ఊరికే నవ్వుతూ ఉండు."

"నాకు రెండు సబ్బులు కావాలండీ," అన్నాడు నాన్న గొంతు మార్చి. చేతిలో ఉన్నది ఉప్పు డబ్బా. అందరం నవ్వాం. నవ్వినంతసేపు ధైర్యంగానే ఉంది.

మొదటి రోజు అమ్మ చెప్పినట్టే చేశాను. బ్యాగు అన్నాను. కార్డు మెషీన్ చూపించాను. నవ్వాను. సాయంత్రానికి దవడలు నొప్పెట్టాయి. ఒకామె మాత్రం, "పాపం, మాటలు రావా?" అని పక్కనున్న భర్తని అడిగింది, నేనక్కడ లేనట్టు. రెండో రోజు జనం తగ్గారు. ఆ తర్వాత ఇంకా తగ్గారు. అమ్మతో కబుర్ల కోసం వచ్చేవాళ్ళు నన్ను చూసి, కొంచెం మొహమాటంగా నవ్వి, మెషీన్ల వైపు తిరిగేవాళ్ళు. వాళ్ళని ఏమనగలను? వానలు మొదలైనప్పటి నుంచీ నేను చేసిందీ అదే.

హెల్మెట్ తియ్యకుండానే షాపంతా తిరిగే కుర్రాడొకడు రోజూ వచ్చేవాడు. నేను నోరు తెరవగానే మూడింటికీ కలిపి జవాబు చెప్పేసేవాడు. "సంచి వద్దు, ఇంకేం లేవు, కార్డే." ఒకరోజు ఉండబట్టలేక, మెషీన్ దగ్గరికి ఎందుకు వెళ్ళరని ఎలాగో అడిగాను.

"అక్కడ లైను ఉంటుంది. ఇక్కడ ఎవరూ ఉండరుగా," అన్నాడు. తిట్టాలని అన్నది కాదు. నిజమే చెప్పాడు. అందుకే కాబోలు, తల కొట్టేసినట్టయింది.

ఆ మర్నాడు మేనేజర్ ఒక బోర్డు తెచ్చాడు. 'ఈ కౌంటర్ సిబ్బందికి మాట నిదానం. దయచేసి సహకరించండి.' చక్కగా అచ్చు వేయించి, అంచులు కూడా గుండ్రంగా కత్తిరించాడు. "నీకు సులువుగా ఉంటుందని," అన్నాడు. కాదనలేక కౌంటర్ మీద నిలబెట్టాను.

ఆ రోజు జరిగినంత అవమానం అంతకుముందు జరగలేదు. బోర్డు చదివినవాళ్ళు నాతో గట్టిగా, విడివిడిగా, పసిపిల్లతో మాట్లాడినట్టు మాట్లాడారు. "నా... దగ్గర... సంచి... ఉంది." ఒకాయన బోర్డు చదివి, నన్ను చూసి, తీసినవన్నీ మళ్ళీ బుట్టలో వేసుకుని వెళ్ళిపోయాడు.

షాపు మూసేముందు ఆ బోర్డు చంకలో పెట్టుకుని మేనేజర్ గదికి వెళ్ళాను.

"ఇది వద్దు సార్. నేనే... చె... చెప్తాను."

"ఏం చెప్తావు?"

"నాకు నత్తి అని. ఆగితే అ... అడుగుతానని."

"ప్రతివాళ్ళకీనా?"

"ప్రతివాళ్ళకీ."

అతను బోర్డు తీసుకుని కాసేపు అటూ ఇటూ తిప్పాడు. "సరే, నీ ఇష్టం," అన్నాడు. ఆ రాత్రి ఇంటికి నడుస్తూ ఇంకొకటి కూడా నిర్ణయించుకున్నాను. ఇక బ్యాగు అనను. సంచి అనాలనుకుంటే సంచే అంటాను. ఎంతసేపైనా సరే.

మర్నాడు మొదట వచ్చింది ఒక పెద్దావిడ. చేతికర్ర కౌంటర్‌కి ఆనించి, బిస్కెట్ పొట్లాలు ఒక్కొక్కటే పైన పెట్టింది. నేను "నాకు నత్తండీ. ఆగితే అడుగుతాను," అన్నాను.

"ఆ?" అందావిడ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

"నా... నాకు నత్తి!"

"గట్టిగా చెప్పమ్మా. నాకు వినబడదు."

మళ్ళీ చెప్పాను. ఈసారి పక్క వరసలో పప్పులు చూస్తున్నవాళ్ళకి కూడా వినబడింది. పెద్దావిడ ఒక్క క్షణం ఆలోచించి, పకపకా నవ్వింది. "నీకు మాట రాదు, నాకు వినబడదు. బాగా దొరికాం ఇద్దరం. ఊ, అడుగు. నాకేం తొందర్లేదు."

నాకూ నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే "సంచి కావాలా?" అన్నది ఊడిపడింది, ఎక్కడా ఆగకుండా.

"ఆ?" అందావిడ.

రెండోసారి మాత్రం ఆగింది. చాలాసేపు ఆగింది. ఆవిడ కర్ర మీద రెండు చేతులూ వేసుకుని నిలబడింది. అప్పటి నుంచి రోజూ నా దగ్గరికే. "ఆ డబ్బా ఏదో అంటుంది. ఏమిటే అంటే మళ్ళీ చెప్పదు," అనేది. అది మళ్ళీ మళ్ళీ చెప్తూనే ఉంటుందని, చెప్పేది ఆవిడకి వినబడదని నేను అనలేదు.

మెల్లగా ఒకళ్ళూ ఇద్దరూ తిరిగి రావడం మొదలుపెట్టారు. నాకు మాట బాగైపోయిందని కాదు. అది ఎప్పటిలాగే ఉంది. కానీ ముందే చెప్పేస్తే, వాళ్ళు ఎటు చూడాలో తెలియక ఇబ్బందిపడటం తగ్గింది. సగం మంది ఆగేవాళ్ళు. మిగతా సగం మెషీన్లకి వెళ్ళేవాళ్ళు, వాళ్ళతో నాకు గొడవ లేదు. బుట్టలో రెండే వస్తువులున్నవాడు, ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడాలని లేనివాడు అక్కడికే పోవాలి. అది నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంట్లో మాత్రం అమ్మకి కాలు నిలవడం లేదు. ఒక మధ్యాహ్నం జోరున వాన కురుస్తుంటే, తల పైకెత్తి చూద్దును కదా, షాపు గుమ్మంలో అమ్మ. ఎడం చేత్తో గొడుగు ముడుస్తోంది, ముడవలేకపోతోంది. తర్వాత బుట్ట మోచేతికి తగిలించుకుని అరల మధ్యకి వెళ్ళింది. ఊరు ఊరంతా నా ముందు వరసలో నిలబడినా అంత భయం వేసేది కాదు.

అమ్మ తిరిగి తిరిగి, పెద్దావిడ వెనకాల, నా లైన్లోనే నిలబడింది. అమ్మ వెనకాల హెల్మెట్ కుర్రాడు. పెద్దావిడది అయ్యాక అమ్మ టీపొడి, సబ్బు, ఇంకేవో ఎడం చేత్తో పైన పెట్టింది. నేను స్కాన్ చేశాను. ఇక అడగాలి. అమ్మని అడగక్కర్లేదు, అమ్మ భుజానికి గుడ్డసంచి వేలాడుతూనే ఉంది. అయినా అందరినీ అడిగాను కాబట్టి అమ్మనీ అడగాలి.

"స..."

పట్టేసింది. ఎప్పుడూ లేనంతగా పట్టేసింది. అమ్మ ముఖం ఎదురుగా ఉంటే నా నోటికి పాత అలవాటు గుర్తొచ్చినట్టుంది, ఇక మనకెందుకులే అని. అమ్మ పెదవులు విడిపడ్డాయి. ఆ మాట అమ్మ నాలుక మీద ఉండటం నాకు కనబడుతూనే ఉంది. నేను చూస్తుండగానే పెదవులు మళ్ళీ మూసుకుంది. గట్టిగా, లోపలికి మడిచి మరీ మూసుకుంది.

"సంచి కావాలా అంటోందండీ," అన్నాడు వెనక నుంచి కుర్రాడు.

అమ్మ వెనక్కి తిరిగింది. "నాకు వినబడుతోంది బాబూ. ఇంకా అడగలేదు," అని మళ్ళీ నా వైపు తిరిగి నిలబడింది.

బయట వాన, లోపల మెషీన్ల గొంతు. ఎంతసేపు పట్టిందో తెలియదు.

"సంచి కావాలాండీ?"

"వద్దమ్మా. తెచ్చుకున్నాను," అంది అమ్మ, ఎవరో పరాయి ఆవిడలాగా.

డబ్బు కట్టి, గొడుగు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది. తర్వాత కుర్రాడి వంతు. యథాప్రకారం మొదలుపెట్టబోయాడు. "అడగనివ్వండి," అన్నాను. హెల్మెట్ అద్దం పైకెత్తి నన్ను చూశాడు. ఇన్నాళ్ళలో అతని కళ్ళు చూడటం అదే మొదలు. మూడు ప్రశ్నలూ అడిగాను. మూడింటికీ విడివిడిగా జవాబు చెప్పాడు.

వానలు తగ్గుముఖం పట్టాయి. అమ్మ కట్టు విప్పారు. ఒకరోజు మేనేజర్ మా ఇద్దరినీ గదిలోకి పిలిచాడు. ముఖం చూస్తేనే మంచి కబురని తెలిసిపోయింది.

"పైవాళ్ళు ఒప్పుకున్నారు. నాలుగో కౌంటర్ ఉంటుంది. మెషీన్ల దగ్గర కూడా ఒక మనిషిని పెట్టమన్నారు, జనం అక్కడ ఇరుక్కుపోతున్నారట." అమ్మ వైపు తిరిగాడు. "మీరు మీ సీట్లోకి వచ్చెయ్యండమ్మా. నువ్వు ఇక హాయిగా గోడౌన్‌కి వెళ్ళొచ్చు. చాలా కష్టపడ్డావు."

"చాలా సంతోషం సార్. మా అమ్మాయి కూడా..." అంటూ అమ్మ మొదలుపెట్టి, ఆగిపోయింది.

"క..." అన్నాను.

'ఆ చోటు' అని ఉంటే సులువుగా వచ్చేది. అది నాకు తెలుసు. మేనేజర్ గోడ గడియారం వైపు చూడబోయి మానుకున్నాడు. అమ్మ తన మణికట్టు నిమురుకుంటూ కూర్చుంది.

"కౌంటర్... నాకు కావాలి సార్."

అతను బల్ల మీది కాగితాలు సర్దాడు. "మీ అమ్మది కదా," అన్నాడు చివరికి.

"తెలుసు సార్. అయినా కా... కావాలి."

అతను మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఇంటికెళ్ళి మాట్లాడుకోండి. ఎవరైనా నాకొకటే," అన్నాడు.

మాట్లాడుకోవడానికి అమ్మ మాట్లాడితే కదా. బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఇంట్లో నీళ్ళ బిందె కుడి చేత్తో ఎత్తి గట్టు మీద దబ్బుమని పెట్టింది, చెయ్యి బాగైందని నాకు తెలియాలని. అమ్మ మాట్లాడకపోవడం మా ఇంట్లో కరెంటు పోవడం లాంటిది. నాన్న గోడలు పట్టుకుని నడిచినట్టు నడిచాడు. "పోనీ పొద్దున ఒకళ్ళు, సాయంత్రం ఒకళ్ళు..." అనబోతే అమ్మ చూసిన చూపుకి మిగతాది మింగేశాడు.

మర్నాటి సాయంత్రం వంటింట్లో నేను గిన్నెలు తుడుస్తుంటే వెనక నుంచి అంది. "అది నా సీటు."

"తెలుసమ్మా."

"నీకు గోడౌన్ నచ్చిందనే కదా తీసుకున్నావు. అక్కడ నిన్నెవరూ ఏమీ అనరు."

"అనరు. మ... మధ్యలో ఆపరు కూడా. ఎందుకంటే అక్కడ నేను మొదలే పె..." ఆ మాట దగ్గర ఇరుక్కున్నాను. అమ్మ అందించలేదు. పొయ్యి మీద పాలు పొంగుతున్నా కదల్లేదు. "మొదలే పెట్టను," అన్నాను.

పాలు పొంగిపోయాయి. అమ్మ స్టవ్ ఆపి, గుడ్డ తీసుకుని గట్టు తుడవడం మొదలుపెట్టింది. నేను బతిమాలలేదు. కావాలని చెప్పాను, అంతే. వద్దని వెనక్కి తీసుకునే ఉద్దేశం నాకు లేదు.

ఆ తెల్లవారి ఇద్దరం కలిసే షాపుకి వెళ్ళాం. అమ్మ తన పాత బ్యాడ్జి పెట్టుకుంది, జడ బిగించి ముడేసుకుంది. నేరుగా నాలుగో కౌంటర్‌కి నడిచింది. అమ్మ కుర్చీ వెనక్కి లాగి, దాని మీదున్న చిన్న దిండు తీసి, దులిపి, చంకలో పెట్టుకుంది.

"దిండు నాది," అంది. "నువ్వింకోటి కొనుక్కో."

"అమ్మా..."

"ఆ కుర్చీలో కూర్చుంటే జనం నా దగ్గరికి రావాలి. అక్కడైతే నేనే జనం దగ్గరికి పోతాను," అని మెషీన్ల వైపు నడిచింది. నడక మామూలుగానే ఉంది. మెషీన్ల దగ్గరున్న స్టూలు మీద దిండు వేసుకుని కూర్చున్నాక మాత్రం, కాసేపు ఇటు చూడలేదు. నేనూ అటు చూడకుండా స్కానర్ అద్దం తుడుచుకున్నాను.

పదిమంది వచ్చేసరికి అమ్మ మామూలు మనిషైపోయింది. మెషీన్ ఒక మాట అంటే అమ్మ నాలుగు అనేది. "వస్తువును సంచిలో ఉంచండి" అని అది అంటే, "ఉంచిందిగా, కళ్ళు కనబడవా నీకు?" అని దాన్ని కసిరేది. బుట్ట నిండా సరుకులు పెట్టుకుని తికమకపడేవాళ్ళు కనబడితే చాలు, "ఇంత సామానుతో ఇక్కడెందుకండీ కుస్తీ, అదిగో నాలుగో కౌంటర్," అని నా వైపు తోసేది. మేనేజర్ విన్నాడు. విననట్టు వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర నాన్న అన్నం కలుపుకుంటూ, అలవాటుగా అమ్మ వైపు చూశాడు. "ఎలా గడిచిందే మన అమ్మాయికి ఇవాళ?"

"అదే ఉంది కదా ఎదురుగా. దాన్నే అడగండి," అంది అమ్మ.

నాన్న కలపడం ఆపి నా వైపు తిరిగాడు. "ఎలా గడిచిందమ్మా?"

చెప్పడం మొదలుపెట్టాను. చెప్పాల్సింది చాలా ఉంది, చాలాసేపు పట్టింది. అన్నాలు చల్లారిపోయాయి. ఎవరూ తొందరపెట్టలేదు.